ఐదు చిల్లుల కుట్టు

దారాలమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, సరిగ్గా సరిపోయింది. యాభై ఏళ్ల మనిషి. ఎప్పుడు చూసినా చున్నీ అంచుకో, చేతికున్న ఇనుప కడియానికో ఒక దారప్పోగు వేలాడుతూ ఉంటుంది. అన్నయ్య బైండింగు షాపులో ఆమె పని కుట్టు. కాగితాలను మడిచి, మడతల మీద మడతలు పేర్చి, మైనం పట్టించిన దారంతో ఒక్కో మడతకూ ఐదు చిల్లులు పొడిచి కుడుతుంది. బడి రిజిస్టర్లయినా, లాయర్ల లావుపాటి పుస్తకాలయినా, పిల్లలు చింపి పీలికలు చేసిన నిఘంటువులయినా ఐదు చిల్లులే. నాలుగు వేస్తే పుస్తకం పదేళ్లకే నడుం విరుగుతుందనీ, ఆరు వేస్తే కాగితం చిరుగుతుందనీ అన్నయ్య నేర్పాడు.

ఆ మాటకొస్తే ఆమెకు అన్నీ నేర్పింది అన్నయ్యే. తొమ్మిదేళ్ల వయసులో అమ్మానాన్న ఒకరి వెనక ఒకరు పోతే, ఇరవై ఒక్కేళ్ల అన్నయ్య చెల్లెల్ని ఒళ్లో వేసుకుని పెంచాడు. జడ వేయడం రాక మొదట్లో ముడి మీద ముడి వేసేవాడు, అవి విప్పలేక ఇద్దరూ ఏడ్చేవాళ్లు. తర్వాత నేర్చుకున్నాడు. దబ్బనం పట్టుకోవడం చూపించాడు. చెమటోడ్చి సంపాదించు, ఉన్నది పంచుకుని తిను, దేవుడి పేరు మరవకు, సిక్కుకు ఈ మూడూ చాలని చెప్పాడు. చెప్పడమే కాదు, పాటించేవాడు. ఒక్క చిల్లు తప్పిందని సాయంత్రం దాకా కుట్టినదంతా విప్పించి మళ్లీ కుట్టించిన రోజులున్నాయి. చెల్లెలు మూతి ముడుచుకుంటే, ఎవరూ చూడని చోట కూడా పని నిజాయితీగా ఉండాలమ్మాయ్ అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

షాపుకు రెండు వీధుల అవతల, ఇనుప సామాన్ల కొట్టుకూ లాండ్రీకీ మధ్య గురుద్వారా ఉంది. తెల్లసున్నం వేసిన మేడ, గుమ్మం పక్కన చెప్పుల అరలు, లోపల పొడుగాటి హాలు, వెనక వంటిల్లు. ఆ హాల్లో ఇరవై రెండేళ్ల వయసులో దారాలమ్మ పాడేది. అబ్బో, ఆ గొంతు విన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గట్టి గొంతేం కాదు. వెనక వరుసలో కూర్చుని తనలో తను పాడుకుంటున్నట్టు పాడినా, ముందు వరుసలో వాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు.

ఒకసారి కీర్తనలు పాడే ఆడవాళ్ల బృందం ఒకటి వచ్చి నాలుగు రోజులుంది. రాగీలంటారు వాళ్లను. గురువాణిని రాగం కట్టి పాడడమే వాళ్ల జీవితం, ఊరూరూ తిరగడమే వాళ్ల ఇల్లు. నాలుగో రోజు ఆ బృందం పెద్దావిడ దారాలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పాడించింది. పాట అయ్యాక నేరుగా అన్నయ్య దగ్గరికి వెళ్లి, ఈ పిల్లను నాతో పంపించు, హార్మోనియం నేర్పిస్తాను, నా తర్వాత నా చోట కూర్చుంటుంది అని అడిగింది. మూడు నెలల్లో మళ్లీ ఇటే వస్తామనీ, అప్పటికి ఏదో ఒకటి చెప్పమనీ అంది.

ఆ మూడు నెలలూ దారాలమ్మ నేల మీద నడిచిందో గాల్లో నడిచిందో ఆమెకే తెలియదు. దబ్బనం చేతిలో ఉన్నా మనసు పాట మీదే. అన్నయ్య మాత్రం అవుననలేదు, కాదనలేదు. వదిన అడిగితే, మనం ఎవరం చెప్పడానికి, హుకుం తీసుకుందాం అన్నాడు.

హుకుం సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. గురు గ్రంథ సాహిబును సిక్కులు పుస్తకమనరు, గురువంటారు. పేజీని అంగ్ అంటారు, అంటే ఒంట్లో ఒక అవయవమని. రాత్రి మెత్తటి పరుపు మీద నిద్రపుచ్చుతారు, పొద్దున్నే లేపుతారు. హుకుం తీసుకునేటప్పుడు గ్రంథం చదివే గ్రంథి గారు అర్దాస్ చెప్పి, అంటే అందరి తరపునా నిలబడి ప్రార్థన చేసి, గ్రంథాన్ని ఎక్కడ తెరుచుకుంటే అక్కడ తెరుస్తారు. ఎడమ పక్క పైన ఉన్న పదాన్ని, అంటే కీర్తనను, చదువుతారు. అదే ఆ రోజుకు గురువు ఆజ్ఞ. పెళ్లయినా, ప్రయాణమైనా, బిడ్డ పుట్టినా అడిగేది అక్కడే. వెతికి తెరవకూడదు. వెతికి తెరిస్తే అది మన కోరికే అవుతుంది తప్ప ఆజ్ఞ కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గురుద్వారాలోని గ్రంథం కుట్లు వదిలి బైండింగుకు వచ్చింది. వచ్చింది అంటే షాపుకు కాదు. గురువును షాపుకు తీసుకురారు, బైండరే వెళ్లాలి. మేడ మీద గదిలో తెల్ల దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని, చెప్పుల్లేకుండా కూర్చుని చేయాలి. కుట్టు నేను కుడతానంది దారాలమ్మ. అన్నయ్య ఒప్పుకోలేదు. గురువు ఒంటి మీద ఒక్కడి చెయ్యే పడాలన్నాడు. నెలలో అయ్యే పనికి రెండు నెలలు తీసుకున్నాడు. ఎంత భక్తి, ఎంత భక్తి అని వీధంతా మెచ్చుకుంది. చెల్లెలైతే మురిసిపోయింది.

బైండింగు పూర్తయిన గ్రంథం హాల్లోకి దిగిన రోజున మొదటి హుకుం ఆమె కోసమే తీసుకున్నారు. అది కూడా అన్నయ్య ఏర్పాటే. రాగీల బృందం వచ్చి వెనక కూర్చుంది. ముసలి గ్రంథి గారు అర్దాస్ చెప్పి, పైన కప్పిన రుమాలా గుడ్డ తీసి, రెండు చేతులతో గ్రంథాన్ని తెరిచారు. నువ్వు బయట వెతుకుతున్నది ఇంట్లోనే ఉంది, తిరగకు, నిన్ను ఉంచిన చోట ఉండు అనే అర్థం వచ్చే పదం వచ్చింది. ఇంతకంటే సూటిగా గురువు ఎవరికైనా ఏం చెప్తాడు? బృందం పెద్దావిడే ముందుగా తలవంచింది. దారాలమ్మ నేలకు నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. లేచేసరికి మొహం తడిగా ఉంది గానీ నవ్వుతోంది. దేవుడి ఇష్టాన్ని తీపిగా తీసుకోవాలంటారు, దాన్ని భాణా మన్నించడం అంటారు. ఆమె తీసుకుంది.

అలా ఇరవై ఎనిమిదేళ్లు కుట్టింది. ఎక్కడైనా హార్మోనియం వినబడితే నడుస్తున్నది ఆగిపోయి వినేది. అప్పుడు తన్నే తాను తిట్టుకునేది. ఇదంతా హౌమై, నేను నేను అనే పొగరు, గురువే కూర్చోమన్నాక ఇంకా లోపల ఏం గోల నీకు అనుకునేది. గొంతు మళ్లీ ఆశపెడుతుందేమోనని హాల్లో పాడడం మానేసింది. కీర్తన సాగుతున్నంతసేపూ వెనక వంటింట్లో లంగరుకు రొట్టెలు ఒత్తేది. లంగరంటే అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చుని తినే ఉచిత భోజనం. అక్కడ పిండి కలిపే ఆడవాళ్లలో ఆమె గొంతు విన్నవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. పెళ్లి మాట ఎప్పుడు వచ్చినా కుట్టాల్సిన పుస్తకాలు అడ్డం వచ్చాయి. అన్నయ్య ఏటా పాఠాలు మొదలయ్యే రోజుల్లో పెద్ద ఆర్డర్లు ఒప్పుకునేవాడు. కుట్టంతా ఆమెదే, ఆయన అట్టలూ జిగురూ చూసుకునేవాడు. ఇబ్బంది అనిపించలేదు ఆమెకు. ఆజ్ఞ ఆజ్ఞే కదా.

పోయిన నెల ఆ గ్రంథమే మళ్లీ కుట్లు వదిలింది. ఇప్పుడున్న గ్రంథి గారు చిన్నవాడు, నెమ్మదస్తుడు. మళ్లీ బైండింగు చేయించాలా, లేక వృద్ధమైన గ్రంథాలకు చేసినట్టు గౌరవంగా అగ్నికి అప్పగించి కొత్తది తెప్పించాలా అని సంగత్‌ను, అంటే అక్కడికి వచ్చేవాళ్లందరినీ, అడిగాడు. అందరికంటే ముందు అన్నయ్య లేచాడు. అగ్నికి ఇచ్చేద్దాం, కాగితం పాడైందన్నాడు. అరవై రెండేళ్ల అన్నయ్య ఇప్పుడు తెల్ల తలపాగా కడతాడు, మాట నెమ్మదిగా వస్తుంది, చేతులు వణుకుతాయి. ఆయన మాటంటే అందరికీ గౌరవమే. దారాలమ్మే అడ్డుపడింది. కాగితం బాగానే ఉంది, పోయింది దారమే, నేను కుడతానంది. అన్నయ్య ఆమె వైపు చూసిన చూపు ఆమెకు అర్థం కాలేదు. తన చేతులు పనికిరాకుండా పోయాయని బాధపడుతున్నాడనుకుంది, పిచ్చి తల్లి.

మేడ మీద గదిలో తెల్ల దుప్పటి పరిచింది. పొద్దున పదకొండు గంటల ఎండ కిటికీలోంచి దుప్పటి మీద పడేది. పాత అట్ట విప్పి, ఎండిన జిగురు గీకి, ఒక్కో మడతా తీసి పక్కన పెట్టేది. ప్రతి మడతకూ ఐదు చిల్లులు. అన్నయ్య కుట్టు. కొన్ని చోట్ల దారం కొంచెం వంకరగా పోయిందని చూసి ఆశ్చర్యపోయింది. ఆయన కుట్టులో వంకర ఎన్నడూ చూడలేదు. ఆరో రోజున ఒక మడత విప్పబోతే, విప్పాల్సిన అవసరం లేకుండానే చేతిలోకి వచ్చేసింది. చూస్తే మూడే చిల్లులు.

మొదట నవ్వొచ్చింది. అయ్యో అన్నయ్యా, నన్ను రోజంతా విప్పించావే, ఇదిగో నీకూ తప్పింది, సాయంత్రం వెళ్లి ఆటపట్టిస్తాను అనుకుంది. తర్వాత ఆ మడత మధ్యలోకి చూసింది. లోపల, సరిగ్గా మడత గీత మీద, వేలెడు వెడల్పు గుడ్డపీలిక ఒకటి జిగురుతో అంటించి ఉంది. ఆ గీత, మడతలు నొక్కే చెక్కబద్దతో గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కినట్టు నిగనిగలాడుతోంది.

ఇది బైండర్లకు తెలిసిన విషయం. కొత్తగా బైండు చేసిన పుస్తకం బిర్రుగా ఉంటుంది, ఎక్కడంటే అక్కడ తెరుచుకోదు. ఎక్కడ కుట్టు వదులుగా ఉండి మడత నొక్కి ఉంటుందో అక్కడే విచ్చుకుంటుంది. వంటల పుస్తకం ఒకే వంట దగ్గర తెరుచుకుంటుందే, అలాగ. పది రోజులు అటూ ఇటూ తెరిచాక మిగతా చోట్లా వదులవుతుంది, ఆ తేడా ఎవరికీ తెలియదు. కానీ మొదటి రోజున, మొదటిసారి తెరిచినప్పుడు, ఎవరు తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది. ముసలి గ్రంథి గారు పాపం ఏ మోసమూ చేయలేదు. ఆయన చేతుల్లో అది దానంతటదే విచ్చుకుంది.

పీలిక నేరేడుపండు రంగు. ఆ రోజుల్లో అన్నయ్య కట్టిన తలపాగా రంగు. చిరిగిన తలపాగా గుడ్డను పారేయకుండా పుస్తకాలకు పీలికలుగా వాడే షాపు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఎడమ పక్క పైన ఉన్న పదాన్ని ఆమె చదవలేదు. చదవాల్సిన పని లేదు, ఇరవై ఎనిమిదేళ్లుగా అది ఆమెకు కంఠస్థం.

ఆ రోజు ఆమె ఇంకేమీ కుట్టలేదు. పీలికను తడిపి ఊడదీసుకుని, మడతలన్నిటినీ రుమాలాతో కప్పి, నమస్కరించి, మెట్లు దిగింది. నమ్మించి గొంతు కోయడం అంటారు. ఆ మాట ఎంతోమంది నోట విన్నది, తనకు వస్తుందనుకోలేదు. దారి పొడవునా ఆమెకు తట్టింది ఒక్కటే. నిన్ను పొగరని తిట్టుకున్నాను కదే, నిన్ను ఇరవై ఎనిమిదేళ్లు పొగరని తిట్టాను కదే అని తన గొంతుతోనే మాట్లాడుకుంటూ నడిచింది.

షాపులో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, రిజిస్టరు అట్టకు జిగురు పూస్తున్నాడు. ఆమె బల్ల మీద ఆ పీలిక పెట్టింది. అదేమిటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత ఆమె అనుకుంది. కుంచె గిన్నెలో పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నాడు.

"అప్పటికే చేతులు వణకడం మొదలైంది. నీకు చెప్పలేదు, మీ వదినకూ చెప్పలేదు. ఆ గ్రంథం కుట్టడానికి రెండు నెలలు ఎందుకు పట్టిందనుకున్నావు? నువ్వు వెళ్లిపోతే కుట్టేవాళ్లు లేరు. షాపు మూసుకోవాల్సిందే."

"ఆ ఒక్క మాట నాతో చెప్పుంటే ఉండిపోయేదాన్ని అన్నయ్యా. పాటా గీటా నేనే మానేసేదాన్ని."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

అన్నయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. "నా కోసం ఉండిపోతే రోజూ నా మొహం చూసి బాధపడేదానివి. నేను నీ మొహం చూడలేకపోయేవాణ్ని. హుకుం అయితే ఎవరి మీదా కోపం ఉండదు కదా."

అంటే చెల్లెలి జీవితమూ కావాలి, చెల్లెలి దగ్గర మంచివాడనే పేరూ కావాలి. కోపమంతా గురువు మీదికి తోసేసి తాను పక్కన నిలబడ్డాడు. గురువు మీద ఎవరికి కోపం వస్తుంది? ఆమెకూ రాలేదు. ఎంత చక్కగా ఆలోచించాడో చూడండి.

అంత చెప్పేశాక ఆయనకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. మాట మార్చాడు. తాను పదాలు రాయలేదు కదా, అవి గ్రంథంలో ఉన్నవే కదా అన్నాడు. ఆ ముక్క ఎవరికైనా పనికొచ్చేదే కదా అన్నాడు. చివరికి ఆ మాట కూడా అనేశాడు.

"ఆయన ఆజ్ఞ లేనిదే ఏదీ జరగదంటాం కదమ్మా. నా చేత అది చేయించింది కూడా ఆయనే అనుకోరాదా?"

"అనుకుంటే నేననుకోవాలి. నువ్వు చెప్పకూడదు," అంది దారాలమ్మ.

పీలిక అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లింది. ఇల్లు షాపు వెనకే. వదిన ఏమైందని అడిగితే తలనొప్పంది. మర్నాటి నుంచి షాపులో కుట్టు పని ముట్టుకోలేదు. పొద్దున గురుద్వారాకు వెళ్లడం, గ్రంథం కుట్టడం, సాయంత్రం వచ్చి తలుపేసుకోవడం. అన్నయ్య ఆమెతో మాట్లాడాలని రెండుసార్లు మేడమెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లాడని చెప్పుల దగ్గర కూర్చునే ముసలావిడ చెప్పింది.

ఆ మడత దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే పాడు ఆలోచన కూడా వచ్చింది. మోసగాడి మొహాన్ని చూపించే పదాలు అందులో ఎన్ని లేవు? ఏదో ఒకచోట రెండు చిల్లులు వదిలేసి, బద్దతో నాలుగుసార్లు నొక్కితే చాలు. మొదటి హుకుం నిండు హాల్లో, అన్నయ్య ముందు చదువుతారు. ఎవరికీ తెలియదు, ఆయనకు తప్ప. బద్ద చేతిలోకి తీసుకుంది కూడా. తీసుకుని, తన చెయ్యి అచ్చం అన్నయ్య చెయ్యిలా బద్దను పట్టుకుని ఉండడం చూసి పక్కన పడేసింది. ఆ మడతను నీటితో తడిపి, నొక్కిన గీతను సాపు చేసి, కొత్తగా రెండు చిల్లులు పొడిచి కుట్టింది.

పని ముగిసిన రోజు ఉదయం హాలు నిండింది. గ్రంథాన్ని తల మీద పెట్టుకుని కిందికి దింపారు. చిన్న గ్రంథి గారు ఆమె దగ్గరికి వచ్చి, ఇంత సేవ చేశారు, మొదటి హుకుం మీ పేరు మీద తీసుకుంటాను, ఏం అడగమంటారు అన్నారు. ఏమీ అడగొద్దంది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలోనే కూర్చుంది. మగవాళ్ల వైపు అన్నయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. అర్దాస్ అయింది. గ్రంథి గారు రుమాలా తొలగించారు.

ఆయన రెండు చేతులూ అట్ట మీద పడగానే దారాలమ్మ కళ్లు ఆ చేతులకు అతుక్కుపోయాయి. బొటనవేలు ఎక్కడ పడింది, వెన్ను ఎటు వంగింది, ఎక్కడ బిర్రుగా ఉంది, ఎక్కడ విచ్చుకుంది. తానే కుట్టింది. ఏ మోసమూ లేదని తనకే తెలుసు. అయినా చూపు తిప్పుకోలేకపోయింది. గ్రంథి గారు రాగంతో చదువుతున్నారు, సంగత్ తలలు వంచి వింటోంది, ఆమె మాత్రం కుట్టు చూస్తోంది. అందరూ నుదురు నేలకు ఆనించాక గానీ చదవడం అయిపోయిందని ఆమెకు తెలియలేదు. ఒక్క ముక్క వినలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏ పొద్దునా వినకుండా ఉండని మనిషి.

పాట పోయిందనుకుని ఆ రోజు షాపు నుంచి ఇంట్లోకి వెళ్లింది కానీ, పోయింది పాట ఒక్కటే కాదని ఆ క్షణాన తెలిసింది. దుఃఖం ముంచుకొచ్చింది. అందరూ వంగాక ఆమె వంగింది, అందరి తర్వాత లేచింది.

బయట చెప్పుల అరల దగ్గర అన్నయ్య ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. ఆమె చున్నీ అంచు పట్టుకుని, ఎవరూ వినకుండా అడిగాడు.

"వాన గురించి వచ్చింది. ఎండిన నేల మీద వాన పడడం గురించి. ఆ పదం ఎందుకు పెట్టావు చెల్లీ? అందులో నాకేం చెప్పాలనుకున్నావు?"

దారాలమ్మ అన్నయ్య మొహంలోకి చూసింది. ఇన్నేళ్లూ పొద్దున్నే తన పక్కనే నడిచి వచ్చి, తన పక్కనే తలవంచిన మనిషి. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆయన హుకుం విని ఉండడు. ఎక్కడ నొక్కారో, ఎవరు నొక్కారో అని గ్రంథం వెన్నుకేసే చూసి ఉంటాడు. ఇప్పుడు తానూ అంతే అయింది.

"ఐదు చిల్లులు అన్నయ్యా," అంది. "ప్రతి మడతకూ ఐదే."

ఆయన నమ్మలేదు. నమ్మలేడని ఆమెకూ తెలుసు. ఆయన చేతిలోంచి చున్నీ విడిపించుకుని, లంగరులో రొట్టెలు ఒత్తడానికి వంటింట్లోకి వెళ్లింది. పిండి ముద్ద చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆ రోజు హుకుం వాన గురించని తనకు తెలిసింది కూడా అన్నయ్య చెబితేనే.